అమ్మ ఎలక్షనూ, కండ్ల కలకా

మా అమ్మ సర్పంచికి నిలబడిన ఏడు మా ఊరు ఊరంతా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగింది. అప్పట్లో మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వచ్చే కార్లలో సాఫ్ట్‌వేర్ వాళ్ళే ఎక్కువ. శనివారం వస్తే చాలు, ప్లాట్లు చూడటానికి బయల్దేరేవాళ్ళు. మా ఊరి మలుపు దగ్గర కారాపితే వాళ్ళకి ముందుగా కనిపించేది కళ్ళద్దాలు పెట్టుకుని బర్రెల్ని తోలుకుపోయే ముసలాయన. ఆయన వెనకే కళ్ళద్దాలు పెట్టుకుని బోరింగు కొట్టే ఆడవాళ్ళు. వీళ్ళు భూములమ్ముకుని బాగా బలిశారని వాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. అసలు సంగతి తెలిస్తే కారు అద్దం కూడా దించేవాళ్ళు కాదు.

ఊరంతా కండ్ల కలక. ఏటా ఎవరో ఒకరికి వచ్చి పోయే రకం కాదు. ఎవరో ఇంటింటికీ తిరిగి, పేరు పెట్టి పిలిచి పంచిపెట్టినట్టు వచ్చింది.

అంతకుముందు జరిగింది చెప్పాలి. మా బాపు ఒకసారి సర్పంచికి నిలబడి ఓడిపోయాడు. ఆ ఓటమి ఆయనకి ఎన్నేళ్ళైనా అరగలేదు. ఈసారి సీటు ఆడవాళ్ళకి రిజర్వు అయ్యిందని తెలియగానే ఆయన ఒక పూట అన్నం మానేసి, రెండో పూట అమ్మతో నామినేషన్ వేయించాడు. అవతల ప్లాట్లు అమ్మించే పెద్దమనిషి కూడా తన భార్యని నిలబెట్టాడు. అట్లా పోటీ ఇద్దరు మగవాళ్ళ మధ్యే ఉండి, పేర్లు మాత్రం ఆడవాళ్ళవి అయ్యాయి. మా పాంప్లెట్ మీద బాపు ఫొటో అరచేయంత, అమ్మ ఫొటో బొటనవేలంత ఉంది. ప్రెస్సు వాడు ఇదేంటని అడిగితే, ఓటర్లకి మనిషి ఆనవాలు పట్టాలి కదా అన్నాడట బాపు.

నేను అప్పుడు చేవెళ్ళలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ, సాయంత్రాలు మొయినాబాద్‌లో కంప్యూటర్ కోర్సుకి పోతుండేదాన్ని. ఎలక్షన్ పుణ్యమా అని రెండూ అటకెక్కాయి. నాకు పెద్ద బాధ్యత అప్పజెప్పారు. కుంకుమ భరిణ మోయడం.

మా దిక్కు ఆడమనిషి ఎలక్షన్‌లో నిలబడితే ఉపన్యాసాలు చెప్పదు. బొట్టు పెడుతుంది. గడప ముందు నిలబడి పిలిచి, బయటికొచ్చిన ఆడవాళ్ళ నుదుట కుంకుమ దిద్ది, గడ్డం పట్టుకుని, గుర్తు చెప్పి పోతుంది. బొట్టు పెట్టిన చేతికి ఓటు వేయకపోతే పాపమని మాకొక నమ్మకం. వాళ్ళూ ఊరుకోరు. అదే భరిణలో వేలు ముంచి అమ్మకి తిరిగి బొట్టు పెట్టేవారు. పొద్దెక్కేసరికి అమ్మ నుదురు ఎర్రమట్టి గోడలాగా అయ్యేది. చెమటకి కుంకుమ కరిగి కళ్ళలోకి జారితే కొంగుతో తుడుచుకుని, అదే చేత్తో ఇంకో ఇంటి ఆడపడుచుకి బొట్టు దిద్దేది. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి.

మొదట్లో అమ్మ నోరు పెగిలేది కాదు. బాపు వెనక నుంచి గుర్తు చెప్పమని సైగ చేస్తే, కత్తెర గుర్తు అని గొణిగేది. కొన్ని వీధులు తిరిగాక ఏమైందో ఏమో, ఆగి మాట్లాడటం మొదలుపెట్టింది. బడి వెనక మురికి కాలువ ఎందుకు పారడం లేదు, ఎగువ వాడకి నల్లా నీళ్ళు ఎన్నింటికి వస్తున్నాయి, ఇట్లాంటివి అడిగేది. వాళ్ళు చెప్తుంటే కదిలేది కాదు. బాపు గడియారం చూసుకుంటూ బయట కాళ్ళు మార్చేవాడు. ఒకరోజు బియ్యం చెరుగుతూ అమ్మ నాతో మెల్లగా ఒక మాట చెప్పింది.

"మీ బాపు కోసమని ఒప్పుకున్న. ఇప్పుడు నాకే గెలవాలని ఉన్నది బిడ్డా. ఎవ్వరికీ చెప్పకు."

నాకు బుద్ధి తెలిశాక, నాకిది కావాలని అమ్మ నోరు తెరిచి అనగా నేను వినడం అదే మొదటిసారి. నాకు భలే సంతోషమేసింది, కొంచెం భయం కూడా.

సరిగ్గా అప్పుడు మా అన్న సిటీ నుంచి దిగాడు. వాడు హైటెక్ సిటీలో ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. ప్రచారానికి సెలవు పెట్టి, నల్ల కళ్ళద్దాలతో వచ్చాడు. సిటీ గాలి తగిలి స్టైల్ పడిందని అందరం మురిసిపోయాం. అన్నం తినేటప్పుడు తీస్తే తెలిసింది, లోపల కళ్ళు మిరపపండ్లు. క్యాబ్‌లో ఎక్కే వాళ్ళలో సగం మందికి ఉందట. వాడు ముఖం తుడుచుకున్న తువాలుతోనే అమ్మ ముఖం తుడుచుకుని ప్రచారానికి బయల్దేరింది. ఆ తువాలు మా ఇంట్లో అందరిదీ, మా నాయనమ్మది తప్ప.

నాయనమ్మ అంటే బాపు తల్లి. ఆమెది సపరేటు కథ. ఆమె తువాలు ఆమె మేకుకే ఉండాలి, ఆమె చెంబు ఎవరూ ముట్టకూడదు. ముడితే ఇంటిల్లిపాదినీ వరసపెట్టి తిట్టేది. తాత పోయాక ఆ గయ్యాళితనం ఇంకాస్త పెరిగింది. ఇంకో అలవాటు కూడా వచ్చింది. ఇంట్లో ఎవరైనా పని మీద బయల్దేరుతుంటే, ఎవరూ చెప్పకుండానే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. బొట్టు లేని మనిషి ఎదురైతే పని చెడుతుందని ఊరంతా అనుకునేదే. ప్రచారం మొదలైన నాటి నుంచీ రోజూ పొద్దున మేం భరిణ పట్టుకుని బయటికి కదిలామంటే ఆమె చింతపండు గంప తీసుకుని పెరట్లోకి కదిలేది. బాపు ఆమెని ఒక్కసారి కూడా పొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు.

కొద్ది రోజులకే అమ్మ కళ్ళు అంటుకున్నాయి, తర్వాత బాపువి, తర్వాత నావి. పొద్దున లేస్తే రెప్పలు జిగురు పెట్టి అతికించినట్టు ఉండేవి. చూస్తుండగానే ఊళ్ళో సగం మందికి పాకింది. అందరికీ తెలిసిన శాస్త్రం ఒక్కటే, కండ్ల కలక చూపుతో అంటుతుంది. కాబట్టి చూపు ఆపితే జబ్బు ఆగుతుంది. బాపు అన్నని మెహిదీపట్నం పంపించి ఫుట్‌పాత్ మీద నల్లద్దాలు సంచి నిండా తెప్పించాడు. మా ప్రచారం గుంపు రోడ్డెక్కితే దోపిడీకి పోతున్నట్టు ఉండేది. అద్దాలు చాలక ఒకరివి ఒకరు మార్చుకుని, కొంగుతో తుడిచి మరీ పెట్టుకునేవారు. చూపు ఆగింది. జబ్బు ఆగలేదు.

వైద్యాలు కూడా జోరుగా సాగాయి. నందివర్ధనం చెట్టున్న ప్రతి ఇంటి ముందూ పొద్దున్నే జనం. ఊళ్ళో మొగ్గ అనేది మిగల్లేదు. ఇంకొందరు ఉల్లిరసం పిండుకుని, ఆ మంటకి ఎగిరి గంతులేశారు. చనుబాలు వేస్తే చల్లబడతాయని ఎవరో అనేసరికి, మా వాడలో కొత్తగా కాన్పైన ఒక పిల్ల ఇంటికి చుట్టాల తాకిడి ఎక్కువైంది. ఆమె అత్త కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాకే తగ్గింది.

నవ్వుకునే రోజులు అక్కడితో అయిపోయాయి. ప్లాట్ల పెద్దమనిషి భార్య బొట్టు పెట్టడానికి ఏ గడపకీ రాలేదు. ఆమెని జీపులో కూర్చోబెట్టి ఆయనే మైకులో మాట్లాడేవాడు. ఇప్పుడు వాళ్ళ మనుషులు కొత్త మాట ఎత్తుకున్నారు. కత్తెర గుర్తామె కుంకుమలో ఏదో కలిపి పెడుతోంది, ఆమె బొట్టు పెట్టిన ఇంట్లో కళ్ళు పోతున్నాయి అని. బాపు కోపంతో ఊగిపోయాడు. దీన్ని నమ్మే గాడిదలు ఊళ్ళో ఉన్నారా అన్నాడు. ఉన్నారు. మరుసటి రోజు రెండిళ్ళలో మేం పిలిస్తే తలుపు తీయలేదు. ఒకామె తీసింది కానీ నుదుటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ చేయి గాల్లోనే ఆగిపోయింది. ఇంటికొచ్చాక ఆమె అన్నం కలుపుకుని అట్లాగే కూర్చుంది. ఆ కంచం ముందు అమ్మని చూస్తే ఆ మైకు గొంతుని నులిమేయాలనిపించింది నాకు.

మరునాడు అమ్మని వెంటబెట్టుకుని చేవెళ్ళ సర్కారు దవాఖానకి పోయాను. డాక్టరమ్మ మా అద్దాలు చూసి ముందు నవ్వింది, తర్వాత తిట్టింది. చూపుతో ఏదీ రాదని, కంటి రసి చేతికంటి, ఆ చేయి ఇంకో చేతినో ముఖాన్నో ముట్టి, వాళ్ళు కళ్ళు నలుపుకుంటే వస్తుందని చెప్పింది. తువాలు, దిండు, కళ్ళద్దాలు ఎవరివి వాళ్ళకుండాలి. చేతులు మాటిమాటికీ సబ్బుతో కడగాలి. కళ్ళలో పువ్వులూ పాలూ ఏవీ వేయొద్దు. చుక్కల మందు రాసిచ్చి, చీటీ చేతికిస్తూ ఒక ప్రశ్న వేసింది.

"ఊరంత గిట్ల ఒక్కపారి అంటుకున్నదంటే, మీ ఊళ్ళ అందరు ఒక్కటే తువ్వాలతోని తుడుసుకుంటరా ఏంది?"

వెటకారంగానే అన్నా ఆ మాట నన్ను వదల్లేదు. బస్సులో చిల్కూరు పోయే భక్తుల మధ్య ఇరుక్కుని ఊరంతటికీ ఉమ్మడిది ఏముందా అని ఆలోచించాను. చెరువు నీళ్ళు కొందరే వాడతారు, కల్లు దుకాణానికి ఆడవాళ్ళు రారు. ఏదీ కుదరలేదు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మా అద్దాలు చూసి ముసిముసిగా నవ్వింది. ఆమె కళ్ళు కడిగిన గాజుల్లా ఉన్నాయి. నీకెందుకు రాలేదే అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టుంది.

"మాకెందుకొస్తది? బొట్టు లేనోళ్ళం. మమ్ముల ఎవరు ముట్టిన్రు గనుక?"

ఎత్తిపొడవడానికే అంది. నాకు మాత్రం ఆ బొట్టు మాట పట్టుకుంది. వెంటనే ఊళ్ళో మంచి కళ్ళున్న వాళ్ళని గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. చిల్కూరులో కొబ్బరికాయలు అమ్మే అవ్వ, కాలువ పక్కన ఆకుకూరలు పండించే ఆమె, లారీ కింద పడి మొగుడు పోయిన పడుచుపిల్ల. వాళ్ళ గడపల దగ్గర మేం ఆగలేదు. దూరం నుంచి దండం పెట్టి, ఇబ్బంది పడుతున్నట్టు తల వంచుకుని దాటిపోయాం. మేం తిరిగిన వాడల్లో బొట్టు పెట్టని ఇల్లు ఇంకొక్కటే, ప్లాట్ల పెద్దమనిషిది. వాళ్ళ కళ్ళూ మల్లెపూలే. కుంకుమలో ఎవరూ ఏమీ కలపలేదు, నిజమే. కలిపింది అమ్మ వేలే. ఎదుటి వాళ్ళు మా మీద చెప్పిన అబద్ధాలన్నిటిలో నిజానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. వాళ్ళకి కూడా ఆ సంగతి తెలియదు.

ఆ సాయంత్రం అందరి ముందూ చెప్పేశాను. బొట్టు ఆపాలి అన్నాను. అన్న దండెం మీది తువాలు తీసి నీళ్ళలో నానబెట్టాడు. జబ్బు తెచ్చింది వాడే కదా. బాపు మాత్రం ససేమిరా అన్నాడు. బొట్టు పెట్టకుండా ఓటు అడిగితే చావు కబురు చెప్పడానికి వచ్చినట్టుంటుందని, పైగా ఇప్పుడు ఆపితే అవతలి వాళ్ళు చెప్పింది ఒప్పుకున్నట్టే అని ఆయన వాదన. అందులో తప్పేమీ లేదు, అదే వచ్చిన చిక్కు. ఆపితే ఓటమి, ఆపకపోతే ఇంకా నాలుగు వాడలకి పంచడం. పోలింగు దగ్గరపడింది. అమ్మ కంట్లో చుక్కలు వేసుకుని, తల పైకెత్తి, అవి ఇంకేదాకా రెప్పలు మూసుకుంది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది.

"అత్తమ్మా, బొట్టు బంద్. మంచి కండ్లు నీవే, రేపు నువ్వు నా ముంగట నడువు."

బాపు గబుక్కున లేచాడు.

"పిచ్చా నీకు? అవ్వ ముంగటొస్తే..."

అంతవరకే వచ్చింది. తల్లి ఎదురుగానే ఉందని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. నాయనమ్మ చింతపండు పక్కన పెట్టింది.

"చెప్పు బిడ్డా. ముంగటొస్తే ఏమైతది?"

బాపు జేబులు తడుముకుని, నల్లద్దాలు తీసి, ఇంట్లోనే పెట్టుకున్నాడు.

మర్నాడు మా ఊరు అంతకుముందెప్పుడూ చూడని ఊరేగింపు చూసింది. ముందు నాయనమ్మ, ఉతికిన చీర కట్టి, ఎవరినో కొట్టబోతున్నట్టు నడుస్తోంది. కొంచెం ఎడంగా అమ్మ. భరిణ ఇంట్లో ఉండిపోయింది. నా చేతిలో బకెట్టు, చెంబు, సబ్బుబిళ్ళ. బాపు వెనకెక్కడో, మాకు తెలియని మనిషిలాగా. నాయనమ్మ ఉపన్యాసం ప్రతి గడపకీ ఒక్కటే. చేతులు కడుగురి, కండ్లు పిసుకకురి, ఒకళ్ళ తువ్వాల ఒకళ్ళు పట్టకురి, కత్తెర మీద గుద్దురి. ఎవరైనా నవ్వితే మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. చేయి కడగనిదే వదిలేది కాదు. ఒక ముసలాయన నిన్ననే కడిగిన అని తప్పించుకోబోతే ఆయన ముంజేయి పట్టుకుని తానే కడిగింది, తర్వాత తన చేయి కూడా కడుక్కుంది.

అమ్మ చేసిన పని ఇంకోటి ఉంది. తలుపు తీయని ఇళ్ళ ముందు కూడా నిలబడి, గట్టిగా చెప్పింది. కుంకుమలో ఏమీ కలపలేదని, జబ్బు మాత్రం తన చేయి మీదుగానే వచ్చిందని, తెలియక జరిగిందని, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇక ముట్టనని. అది విన్న బాపు తల పట్టుకున్నాడు. కానీ చిత్రంగా, తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అమ్మే చెప్పుకున్నాక ఇంక మైకులో చెప్పడానికి వాళ్ళకేం మిగల్లేదు.

ఆ తర్వాత మేం దాటిపోయిన గడపలన్నిటికీ వెళ్ళాం. కొబ్బరికాయల అవ్వ మమ్మల్ని చూసి, కొడుకు పొలం పోయాడని, సాయంత్రం రమ్మని చెప్పింది. నీ కోసమే వచ్చాం అని అమ్మ అంటే ఆమెకి కాసేపు అర్థం కాలేదు.

"నా ఓటు ఎప్పుడైన నా కొడుకునే అడిగి పోతరు బిడ్డా," అంది. "నన్ను గూసోబెట్టి అడిగింది నువ్వే."

పోలింగు రోజు బడి ముందు వరస తమాషాగా ఉంది. సగం మంది నల్లద్దాలు, ఒకరికొకరు చేయి తగలకుండా దూరం దూరంగా. వేలికి సిరా పెట్టే బయటూరి ఆయన వేలిని ముట్టకుండా సిరా పెట్టడం ఎట్లాగో ఆ రోజు కనిపెట్టాడు. అందరికంటే ముందు నిలబడ్డది బొట్టు లేనివాళ్ళు. ఎదురైతే అపశకునం అని పొద్దున పూట గడప దాటనివాళ్ళు ఆ రోజు పొద్దున్నే ఊరందరికీ ఎదురు నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో మా నాయనమ్మ, పెళ్ళిపెద్దలాగా.

మధ్యాహ్నం తర్వాత లెక్కించారు. అవతలి వాళ్ళు మళ్ళీ లెక్కించమన్నారు. మళ్ళీ లెక్కించినా అమ్మే గెలిచింది, చాలా కొద్ది ఓట్ల తేడాతో. కొబ్బరికాయల అవ్వ ఆ ఓట్లన్నీ తమవేనని ఇప్పటికీ చెప్తుంది. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

డప్పులు ఇంటి ముందుకొచ్చాయి. కళ్ళు బాగైన ఆడవాళ్ళు గెలిచిన మనిషికి బొట్టు పెట్టడానికి గుంపుగా వచ్చారు. బాపే లోపలికి పోయి భరిణ తెచ్చాడు. అమ్మ చేయి అడ్డం పెట్టి అందరినీ ఆపింది. పోయి అరుగు మీద నాయనమ్మ ముందు కూర్చుంది.

"ముందు నువ్వు పెట్టు, అత్తమ్మా."

డప్పుల వాళ్ళు కూడా ఆగారు. గుంపులో ఎవరో అయ్యో అన్నారు, ఎవరో వాళ్ళ నోరు మూయించారు. తాత పోయిన నాటి నుంచి నాయనమ్మ కుంకుమ ముట్టలేదు. భరిణని చూసింది, తన వేళ్ళని చూసుకుంది. తర్వాత నన్ను చూసి కసురుకుంది.

"సూస్తవేందే, సబ్బు తే."

నేను చెంబుతో నీళ్ళు పోశాను. ఆమె చేతులు కడిగింది. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు. అయిపోయిందనుకుంటే మళ్ళీ సబ్బు అందుకుంది. చెంబు ఖాళీ అయ్యి ఇంకో చెంబు తెచ్చాను. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఎవరూ తొందర పెట్టలేదు. చివరికి చేయి ఆరబెట్టుకుని, వేలు ముంచి దిద్దింది. బొట్టు కొంచెం పక్కకి పోయింది, కొంచెం పెద్దదైంది, కుంకుమ రాలి అమ్మ ముక్కు మీద పడింది. అమ్మ తుడుచుకోలేదు. కంట్లో పడుతుంది జాగ్రత్త అని నేను హెచ్చరించాను కానీ నా మాట వినే స్థితిలో అక్కడెవరూ లేరు.

బాపు నల్లద్దాలు పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన కండ్ల కలక తగ్గి అప్పటికి చాలా రోజులైంది.